రొయ్యల గుంటలోకి దిగే రబ్బరు ప్యాంటుకు చిల్లు పడితే

నెల్లూరు జిల్లాలో ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు తీరంలో గాని, ప్రకాశం జిల్లాలో కొత్తపట్నం, సింగరాయకొండ వైపు గాని రొయ్యల గుంటల మీద పనిచేసేవారికి వేడర్లు, అంటే నీరు దిగకుండా బూట్లతో కలిపి ఛాతీ వరకు వచ్చే ప్యాంట్లు, కొత్త కాదు. కొట్లో వేడర్ సూట్ అని అమ్మినా, కట్ట మీదికి వచ్చేసరికి అది రబ్బరు ప్యాంటు అయిపోతుంది. మరమ్మతులో జరిగే తప్పుల్లో చాలా వాటికి ఈ పేరే కారణమని నా అనుభవం. చవక రకాల్లో ప్యాంటు భాగం నైలాను లేదా పాలిస్టర్ గుడ్డకు పీవీసీ పూత పూసినదే తప్ప రబ్బరు కాదు. బూటు కూడా చాలాసార్లు అచ్చులో పోసిన పీవీసీయే. పేరులో రబ్బరు ఉంది కదా అని సైకిల్ ట్యూబుకు వేసే ప్యాచీ వేస్తే అది రెండో రోజుకే ఊడుతుంది, ఊడిన తరువాత సొల్యూషన్ నాసిరకమని కొట్టువాణ్ణి తిడతాము. జిగురును తప్పుపట్టే ముందు మూడు సంగతులు తేల్చుకోవాలి: లోపలికి వస్తున్నది గుంట నీరేనా, అయితే ఎక్కడి నుంచి వస్తోంది, ఆ చోట ఉన్న పదార్థం ఏమిటి. మరమ్మతుకు పట్టే సమయంలో ఎక్కువ భాగం వీటికే పోవాలి. అంటించడం చివరి అరగంట పని.

చెమటా, నీరా?

పీవీసీ గుడ్డలోంచి ఆవిరి బయటికి పోదు. ఎండాకాలంలో చెక్ ట్రేలు (రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే పళ్లేలు) చూస్తూ గంటసేపు గుంటలో తిరిగినవాడి బనియను పిండితే నీళ్లు కారతాయి. బయటి నీరు ఒంటి కంటే చల్లగా ఉన్నప్పుడు లోపలి ఆవిరి గుడ్డకు చెమ్మగా పట్టి, చివరికి బూట్లోకి జారుతుంది. రుచి చూసి తేల్చుకుందామంటే చెమటా ఉప్పనే, గుంట నీరూ ఉప్పనే. తేడా తడిసిన తీరులో ఉంటుంది. చెమట తొడలకూ నడుముకూ సమంగా పరుచుకొని రెండు కాళ్లకూ ఇంచుమించు ఒకేలా ఉంటుంది. లీకు సాధారణంగా ఒక కాలికే ఉంటుంది, ఒకచోట చల్లగా తగిలి, అక్కడి నుంచి కిందికి జారి ముందుగా మేజోడును తడుపుతుంది.

అనుమానం తీరకపోతే తెల్లవారుజామున, ఎండ ఎక్కకముందే, లేత రంగు పొడి పైజమా ఒకటి లోపల వేసుకొని నడుము లోతు నీటిలో పది నిమిషాలు నిలబడి రావాలి. చెమట పట్టేలోగా చిల్లు తన జాడ చెప్పేస్తుంది. పైజమా మీద తడి మచ్చ పైకొస ఎక్కడ ఉందో చూసి, వేడరు మీద అదే ఎత్తులో పెన్నుతో గీత పెట్టుకోవాలి. చిల్లు ఆ గీతకు దరిదాపుల్లోనే ఉంటుంది. అయితే ఏరేటర్లు (నీటికి గాలి పట్టించే కరెంటు యంత్రాలు) తిరుగుతున్న గుంటలో ఈ పరీక్ష చేయరాదు. మెయిన్ స్విచ్ ఆపించి, ఆపినట్టు చూసుకొని దిగాలి. చిల్లు లేని కొత్త వేడరు కూడా కరెంటు నుంచి కాపాడే వస్తువు కాదు.

చిల్లు పడే చోట్లు

ఈ తీరంలో కట్టల మీద సర్కారు తుమ్మ లేని ఊరు అరుదు. ఆ ముల్లు గుచ్చుకొని గుడ్డలోనే విరుగుతుంది. విరిగిన మొన ఉన్నంతకాలం చిల్లును అదే మూసి ఉంచుతుంది, మోకాలు వంచినప్పుడు మాత్రం నీరు వదులుతుంది. ఒకరోజు లీకై మరుసటిరోజు కాకపోవడానికి ఇదొక కారణం. పీతలు రాకుండా కట్టిన కంచె తీగ కొసలు, తూము చెక్కలకు పట్టిన ఆల్చిప్పలు కూడా గుచ్చుకునేవే. ఏదీ గుచ్చుకోకుండానే పాడయ్యే చోట్లు మూడు: కాళ్ల మధ్య అతుకు, మోకాలి వెనుక ముడత, బూటూ ప్యాంటూ కలిసే వలయం. వీటికి తోడు ఎలుక ఉండనే ఉంది. వేడరును మేత బస్తాల షెడ్డులో పడేస్తే దానికి అంటిన మేత పొడి వాసనకు కొరికిపోతుంది. అంచులు పీచులు పీచులుగా ఉన్న గుండ్రటి రంధ్రం కనబడితే ముల్లు కోసం వెతకనక్కరలేదు, పడుకోబెట్టే చోటు మార్చాలి.

వెతకడం

వేడరును లోపలా బయటా మంచినీటితో కడిగి, తిరగేసి, నీడలో పూర్తిగా ఆరబెట్టిన తరువాతే వెతకడం మొదలుపెట్టాలి. బురద ఎండిపోయి చిల్లును మూసి ఉంటే ఏ పరీక్షా పనిచేయదు.

అన్నిటికంటే సులువైనది రాత్రిపూట దీపం ఆర్పిన గదిలో సెల్‌ఫోన్ టార్చిని కాలు లోపల పెట్టి, బయటి నుంచి చూడడం. పూత పలుచబడిన చోట మసక వెలుగు కనబడుతుంది, చిల్లు ఉన్న చోట సూదిమొనంత పదునైన వెలుగు కనబడుతుంది. ఆ మసక చోట్లను కూడా గుర్తు పెట్టుకోవడం మంచిది, ఎందుకంటే తరువాత పోయేవి అవే. అతుకుల్లోని లీకును, ఏటవాలుగా దిగిన ముల్లు చిల్లును టార్చి పట్టుకోలేదు.

రెండోది నీరు పోయడం. ఒక కాలిని మోకాలి వరకు నింపి, బయటి వైపు తుడిచి, టాల్కం పౌడరు పలుచగా చల్లితే చెమ్మ వచ్చిన చోట పౌడరు నల్లబడి ముద్ద కడుతుంది. ఇక్కడ ఉత్సాహం పనికిరాదు. లీటరు నీరు కిలో బరువు; నడుము దాకా నింపితే అది సులువుగా సిమెంటు బస్తా బరువుకు చేరి, గట్టిగా ఉన్న అతుకును కూడా విప్పేస్తుంది. అయితే మోకాలి వరకు నింపితే లీకు చూపించని వేడరు గుంటలో ఎందుకు కారుతుందన్న ప్రశ్న వస్తుంది. మీటరు లోతున నీరు ప్రతి చదరపు సెంటీమీటరు మీద సుమారు 100 గ్రాముల బరువుతో ఒత్తుతుంది. ఛాతీ లోతులో నిలబడినవాడి చీలమండ దగ్గర ఒత్తిడి అంతకంటే కొంచెం ఎక్కువే ఉంటుంది. బల్ల మీద నింపిన మోకాలి ఎత్తు నీటితో అందులో సగం కూడా రాదు.

అందుకే నాకు నచ్చినది మూడోది, గాలీ సబ్బునీరూ. వేడరు భుజం పట్టీలను లోపలికి తోసి, పైమూతిని మేత బస్తా మూతిలా నాలుగైదు మడతలు చుట్టి, ఆ మడతల మధ్య పంపు గొట్టం కొస ఒకటి ఉంచి, పాత సైకిల్ ట్యూబు పేలికతో బిగించి కట్టాలి. సైకిల్ పంపుతో కొడితే చేయి నొస్తుంది గాని పని అవుతుంది. దుమ్ము ఊదే చిన్న బ్లోయరు ఉంటే నిమిషంలో నిండుతుంది. కాళ్లు బొద్దుగా నిలబడితే చాలు, బిర్రబిగిసేదాకా కొట్టరాదు. బట్టల సబ్బుపొడి కలిపిన నీటిని స్పాంజితో పూస్తూ పైనుంచి కిందికి, ఒక్కో జానెడు చొప్పున, తొందర లేకుండా చూడాలి. మొన్న మా వేడరు ఎడమ మోకాలి లోపలి వైపు మొదట ఏమీ కనబడలేదు. మోకాలి దగ్గర గుడ్డను రెండు చేతులతో కాస్త సాగదీసి పట్టుకుంటే ఆవగింజంత బుడగ ఒకటి పుట్టి, శనగగింజంత పెరిగి, చిట్లి, మళ్లీ అదే చోట పుట్టింది. గోటితో తడిమితే లోపల గరుకుగా తగిలింది. పట్టకారుతో లాగితే మిల్లీమీటరు కూడా లేని తుమ్మ ముల్లు మొన వచ్చింది. దాన్ని అలాగే వదిలి పైన మాసిక వేసి ఉంటే, నాలుగు రోజుల్లో ఆ మొనే మాసికను పొడిచి ఉండేది.

దొరికిన ప్రతి చిల్లు చుట్టూ రూపాయి బిళ్లంత సున్నా చుట్టాలి. ఒకటి దొరకగానే ఆపరాదు. కంపలో పడినవాడికి ఒక్క ముల్లే గుచ్చుకోదు.

ఏ పదార్థమో తెలుసుకోవడం

వేడరు గుడ్డ సంగతి కంటే ముందు మాసికగా వేయబోయే ముక్క సంగతి తేల్చాలి. గుంటల మీద చేతికి అందేవి రెండు: గుంట అడుగున పరిచే లైనింగు షీటు ముక్క, వడ్ల మీద కప్పే నీలం లేదా పసుపు పట్టా ముక్క. రెండూ పాలిథిన్ జాతివే, పాలిథిన్‌కు మామూలు జిగురు ఏదీ పట్టదు. పరీక్షకు చిటికెన వేలి గోరంత ముక్క కత్తిరించి, రెండు చుక్కల సబ్బు కలిపిన గ్లాసు నీటిలో వేసి, బుడగలు వదిలేలా వేలితో ముంచి చూడాలి. పాలిథిన్ తేలుతుంది, పీవీసీ మునుగుతుంది. సబ్బు కలపకపోతే బరువైన ముక్క కూడా నీటి పైపొర మీద నిలబడి మోసం చేస్తుంది.

పనికివచ్చేది లారీల మీద కప్పే మందపాటి పీవీసీ టార్పాలిన్ ముక్క. నెల్లూరులో గాని ఒంగోలులో గాని టార్పాలిన్లు కుట్టేవారి దగ్గర కత్తిరింపు ముక్కలు అడిగితే ఊరికే ఇస్తారు. ఎన్నికలకు, పెళ్లిళ్లకు కట్టిన ఫ్లెక్సీ ముక్క కూడా పీవీసీయే, నీటిలో మునుగుతుంది, జిగురూ పడుతుంది. కాని అది రెండు పలుచని పొరల మధ్య వలలాంటి దారం పెట్టి అదిమినది కావడం వల్ల వంగేచోట పొరలు విడిపోతాయి. నాయకుడి ముఖం మోకాలి మీద వారం నిలవదు.

బూటు రబ్బరా, పీవీసీయా అన్నది వేడి సూదితో తెలుస్తుంది. బూటు పై అంచున కనబడని చోట కాల్చిన సూదిమొన ఆనిస్తే పీవీసీ కరిగి మెత్తగా దిగనిస్తుంది. రబ్బరు కరగదు, మాడి టైరు కాలిన వాసన వేస్తుంది. పీవీసీ కాలిన పొగ ముక్కునూ గొంతునూ మండించే ఆమ్లపు పొగ కాబట్టి ముఖం దగ్గర పెట్టుకొని చేయరాదు.

మాసిక వేయడం

జిగురు విషయంలో నేను మొదట చేసిన తప్పు చెప్పక తప్పదు. పీవీసీకి పీవీసీ జిగురే కదా అని నీళ్ల పైపులు అతికించే సొల్యూషన్ పూశాను. సాయంత్రానికి రాయిలా పట్టింది, చూసి మురిసిపోయాను కూడా. ఆ సొల్యూషన్‌లో కరిగి ఉండేది గట్టి పీవీసీ. ఆరితే పైపులాగే గట్టిపడుతుంది. మోకాలు వంగినప్పుడల్లా ఆ గట్టి పొర విరిగి, తనతోపాటు కింది గుడ్డను కూడా చీల్చింది. వడ్లగింజంత చిల్లు మూడో రోజుకు వేలెడు చిరుగు అయింది. క్షణంలో అంటుకునే జిగురు, రెండు ముద్దలు కలిపి పిసికే ఎపాక్సీ కూడా ఇదే పని చేస్తాయి. స్నానాల గదికి వాడే సిలికాన్ మెత్తగానే ఉంటుంది గాని పీవీసీని పట్టుకోదు. పైగా దాని జిడ్డు అంటిన చోట ఆ తరువాత ఏ జిగురూ నిలవదు.

మెత్తని పీవీసీలో గుడ్డ వంగడానికి కలిపిన నూనెలాంటి పదార్థం ఉంటుంది. అది మెల్లగా పైకి ఊరుతూ చెప్పులు కుట్టేవారు వాడే పసుపు రంగు రబ్బరు జిగురును కొన్ని వారాల్లో మెత్తబరుస్తుంది. పీవీసీకి పాలియురేథేన్ జిగురు మేలు. పీవీసీ అట్టలు అంటించడానికి చెప్పుల పనివారు వాడే పీయూ జిగురు ఈ కోవకు చెందినదే. గాలి పడవలకు, టార్పాలిన్లకు వాడే వినైల్ జిగురు దొరికినా మంచిదే.

మాసిక చిల్లుకు ప్రతి వైపూ అంగుళం దాటేలా ఉండాలి, మూలలు గుండ్రంగా కత్తిరించాలి. చదరపు మూల ఉంటే గోరు తగిలినా, వల తగిలినా అక్కడి నుంచే లేస్తుంది. మాసికను బయటి వైపునే వేయాలి, దానికి కారణం ఉంది. గుంటలో నీరు బయటి నుంచి లోపలికి ఒత్తుతుంది. బయట ఉన్న మాసికను ఆ ఒత్తిడి గుడ్డకు అదుముతుంది, లోపల ఉన్నదాన్ని గుడ్డ నుంచి వేరు చేస్తుంది. పైగా పూత ఉండేది బయటే, లోపల ఉండేది వట్టి గుడ్డ.

వేడరు కాలులో పాత పలక గాని, బోర్లించిన స్టీలు పళ్లెం గాని పెట్టి చోటును చదును చేసుకోవాలి. ఇది పెట్టకపోతే జిగురు చిల్లులోంచి దిగి కాలు ముందువైపూ వెనుకవైపూ అంటుకుపోతాయి, ఆ మరమ్మతు వేరే కథ. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ముంచిన పాత నూలుగుడ్డతో చుట్టూ తుడవాలి. ఇంట్లో మిగిలిపోయిన శానిటైజరు జెల్లు పనికిరాదు, చేతులు పగలకుండా అందులో కలిపిన గ్లిజరిన్ జిడ్డుగా మిగిలిపోతుంది. తరువాత సన్నని గరుకు కాగితంతో మెరుపు పోయేదాకా వేడరునూ మాసికనూ తేలికగా రుద్దాలి. దారాలు బయటపడితే ఎక్కువ రుద్దినట్టు. మళ్లీ తుడిచి, ఆరనివ్వాలి.

రెండు వైపులా జిగురు పలుచగా పూసి, డబ్బా మీద రాసినంతసేపు ఆగాలి. ఆ తరువాత మాసికను మధ్యలో ఆనించి, అంచుల వైపు గాలిని తోస్తూ గాజు సీసాతో దొర్లించి అదమాలి. పైన పాలిథిన్ కాగితం పరిచి, దాని మీద ఇటుక పెట్టి, ఒక రాత్రీ ఒక పగలూ కదపకుండా ఉంచాలి. గుంటకు కావాలని ఎవరు అడిగినా ఇవ్వరాదు. ఎండలో ఆరబెడితే త్వరగా అవుతుందనుకోవడం పొరపాటు: పైపొర ముందే ఆరి, లోపలి ద్రావకం బయటికి రాలేక బొబ్బలు కడుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, ఈశాన్య రుతుపవనాల ముసురులో, మరో ఇబ్బంది ఉంది. రెండు వైపులా పూసి ఆరబెట్టే జిగుళ్ల మీద గాలిలోని చెమ్మ చేరి తెల్లని పొగమంచులాంటి పొర కడుతుంది, అది కట్టిన తరువాత అతికిస్తే పట్టు ఉండదు. ముసురు రోజుల్లో మధ్యాహ్నం పూట తలుపు మూసిన పొడి గదిలో పనిచేయాలి, ఒక కిటికీ మాత్రం తెరిచే ఉంచాలి. ఈ జిగుళ్ల ఆవిరి తల తిప్పుతుంది, నిప్పు తగిలితే అంటుకుంటుంది. బీడీ, జనరేటరు రెండూ దూరంగా ఉండాలి.

సూదిమొనంత చిల్లుకు మాసిక అక్కరలేదు. ఆక్వాసీల్ వంటి, ట్యూబులో వచ్చే యురేథేన్ జిగురు దొరికితే శుభ్రం చేసిన చోట ఒక చుక్క వేసి, అర్ధరూపాయంత పలుచగా పరిస్తే చాలు. అది గాలిలోని తేమతోనే గట్టిపడే రకం కాబట్టి ముసురు దానికి అడ్డు కాదు. తెరిచిన ట్యూబును మూత బిగించి ఫ్రిజ్‌లోని ఐసు అరలో పెట్టుకుంటే త్వరగా గడ్డకట్టదు. పిల్లలు ఐసుక్రీమనుకోకుండా డబ్బాలో పెట్టడం మేలు. అంగుళం దాటిన చిరుగుకు మాత్రం లోపల ఒక మాసిక, బయట ఒకటి వేయాలి. సూదీదారం జోలికి పోరాదు, ప్రతి కుట్టూ మరో చిల్లే.

బూటు, బూటు అతుకు

బూటు నిజంగా రబ్బరుదైతే మాత్రం సైకిల్ ప్యాచీ అద్భుతంగా పనిచేస్తుంది. గరుకుగా రుద్దాలి, సొల్యూషన్ పూయాలి, వేలు ఆనిస్తే అంటనంతవరకు ఆరనివ్వాలి, అప్పుడు ప్యాచీ అదమాలి. చాలామంది తడి సొల్యూషన్ మీదే ప్యాచీ పెట్టేస్తారు. మా ఊరి పంచరు షాపు పెద్దాయన నా చేతిలోంచి బూటు లాక్కొని, “ఆరనియ్యి నాయనా, నువ్వు పెట్టేది అన్నం ముద్ద కాదు” అన్నాడు. ఆయన చేసిన మాసిక రెండు పంటలు నిలిచింది.

బూటూ ప్యాంటూ కలిసే వలయంలో లీకుంటే మాసిక పనికిరాదు, ఆ చోటు అడుగడుగుకూ అన్ని దిక్కులకూ వంగుతుంది. బూట్లో కాగితాలు కుక్కి ఆకారం నిలబెట్టి, అతుకు వెంబడి పీయూ జిగురును సన్నని వలయంలా చుట్టూ పూయాలి. లీకున్న రెండంగుళాలకే పూస్తే నీరు పక్క నుంచి దారి వెతుక్కుంటుంది. ఒక పూత ఆరాక రెండోది వేయాలి. అడుగు పగిలిన బూటు మీద మాత్రం జిగురు దండగ.

నియోప్రీన్ (స్పాంజిలాంటి మెత్తని రబ్బరు) వేడర్లకు పైన వదిలేయమన్న పసుపు చెప్పుల జిగురే సరైనది. చిరుగు రెండు అంచులకూ పూసి, ఆరాక ఎదురెదురుగా నొక్కితే చాలు. గాలాడే పొర ఉన్న ఖరీదైన వేడర్లు ఈ వైపు అరుదు. వాటిని తిరగేసి లోపలి వైపు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చల్లితే చిల్లున్న చోట ముదురు మచ్చ తేలుతుంది, దాని మీద యురేథేన్ చుక్క వేయాలి.

పట్టుబడి రాత్రి చిల్లు పడితే

పట్టుబడిలో, అంటే పెరిగిన రొయ్యలను పట్టేటప్పుడు, వల లాగుతుండగా చిల్లు పడితే మరమ్మతుకు సమయం ఉండదు. గట్టెక్కి, బయటి వైపు పొడిగుడ్డతో బాగా తుడిచి, వెడల్పాటి డక్ట్ టేపును చిల్లు మీద రెండు పొరలు అంటించి అరచేత్తో వేడెక్కేదాకా రుద్దితే ఆ పూటకు ఆగుతుంది. నడుముకు బెల్టు బిగించే ఉండాలి, పైనుంచి నీరు ఒక్కసారిగా దిగకుండా కాపాడేది అదే. మరుసటి రోజు టేపు జిడ్డును ఆల్కహాల్‌తో పూర్తిగా తీసిన తరువాతే అసలు మాసిక వేయాలి.

వాడిన తరువాత

బ్లీచింగు చల్లిన గుంటలోంచి గాని, సున్నం కలిపిన గుంటలోంచి గాని వచ్చిన వేడరును ఆ పూటే మంచినీటితో కడగాలి. బ్లీచింగు నైలానునూ రబ్బరునూ కూడా తినేస్తుంది. డీజిలు మరక పడితే రబ్బరు ఉబ్బుతుంది. ఎండలో ఆరేస్తే పీవీసీ గట్టిపడుతుంది, మడిచి పెడితే ఆ మడత వెంబడే పగులుతుంది. నీడలో, బూట్లు పైకి ఉండేలా రెండు మేకులకు తలకిందులుగా వేలాడదీయడం మంచి పద్ధతి.

గుడ్డను సాగదీస్తే వెంట్రుకంత పగుళ్లు నలుదిక్కులా కనబడే వేడరుకు ఇక మాసికలు వేయనక్కరలేదు. అయితే దాన్ని పారేయకముందు ఛాతీ ముందు భాగాన్ని కత్తిరించి దాచుకోవాలి. నీరూ ముల్లూ మడతా తక్కువగా తగిలిన చోటు అది. అక్కడి పీవీసీ ఇంకా మెత్తగా ఉంటే, కొత్త వేడరుకు రంగులో, మందంలో, వంగే తీరులో సరిగ్గా సరిపోయే మాసిక ముక్కలు అందులోనే అరడజను దొరుకుతాయి.